ఐదు సెకన్ల నిద్ర

రాత్రి పన్నెండు దాటింది. హైదరాబాదులోని మాదాపూర్ ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో దీపాలన్నీ ఆరిపోయాయి. కాపలా మనిషి తప్ప లోపల ఎవరూ లేరు. అయినా ఒక మూలన ఉన్న కంప్యూటరు మీద పని సాగుతూనే ఉన్నది. బ్రౌజరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఒక కల్పిత విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కొక్కటిగా గడులలోకి వచ్చి చేరతాయి. ఏ చేయీ తాకకుండానే బటను నొక్కుకుంటుంది. పేజీ మారుతుంది. వచ్చిన ఫలితం సరైనదైతే ఒక పచ్చని గుర్తు, కాకపోతే ఒక ఎర్రని గుర్తు నమోదవుతుంది. మరుక్షణం మరొక కల్పిత విద్యార్థి వస్తాడు. తెల్లవారేలోగా ఇటువంటి పరీక్షలు ఆరు వందలు జరగాలి.

ఈ ఆరు వందలలో అధిక భాగం ఒక స్త్రీ రాసినవి. ఆమెకు నలభై ఏళ్ళు నిండవస్తున్నాయి. గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలు మార్గంలోని చిన్న చిన్న స్టేషన్లలో తండ్రి స్టేషన్ మాస్టరుగా పనిచేస్తుండగా, క్వార్టర్సులలో పెరిగి, ప్రభుత్వ పాఠశాలల్లో చదివి, ఉపకార వేతనంతో ఇంజనీరింగు పూర్తి చేసిన మనిషి. ఆమె పనిచేసే సంస్థ ఒక విద్యా ధర్మనిధి కోసం వెబ్ పేజీలు తయారుచేసి నిర్వహిస్తుంది. పేద కుటుంబాల పిల్లలు ఏటా ఆ పేజీల ద్వారానే ఉపకార వేతనాలకు దరఖాస్తు పెట్టుకుంటారు. పేజీలో మార్పు చేసిన ప్రతిసారీ పాత సౌకర్యాలేవీ చెడిపోలేదని రుజువు చేయడం ఆమె బాధ్యత. మనుషులు కూర్చుని పరీక్షిస్తే రోజులు పట్టే పనిని యంత్రం ఒక్క రాత్రిలో చేస్తుంది.

కాని ప్రతి ఉదయం ఆమెకు ఒకే చిక్కు ఎదురయ్యేది. ఆరు వందలలో ఇరవైయో ముప్పైయో ఎర్రగా ఉండేవి. వాటిని మళ్ళీ నడిపితే అధిక భాగం పచ్చగా మారేవి. పేజీ మారలేదు, పరీక్ష మారలేదు, ఫలితం మాత్రం మారింది. ఈ చపలబుద్ధి పరీక్షలను ఈ వృత్తిలో ‘ఫ్లేకీ టెస్టులు’ అంటారు. నిన్న ఎర్రనైనది ఇవాళ పచ్చన, రేపు మళ్ళీ ఎర్రన. కొంతకాలానికి ఆ గది మొత్తానికి ఒక మాట ఊతపదమైపోయింది. “ఏం లేదు, మళ్ళీ నడపండి.”

ఎదురు చూడడం రాని యంత్రం

ఈ చపలత్వానికి మూలం యంత్రపు వేగంలోనే ఉన్నది. తొలినాళ్ళ వెబ్ పేజీ పుస్తకంలో పుటవంటిది. అడిగితే మొత్తం ఒక్కసారిగా వచ్చేది. వచ్చిన తరువాత ఇక మార్పు ఉండేది కాదు. ఆ తరువాత పేజీ చట్రం ముందుగా వచ్చి, లోపలి విషయాలు తరువాత ఒక్కొక్కటిగా వచ్చి చేరే పద్ధతి వ్యాపించింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గ్యారెట్ అనే అమెరికన్ రూపకర్త ఈ పద్ధతికి ‘అజాక్స్’ అని పేరు పెట్టారు. ఇవాళ మనం చూసే పేజీలలో చాలావరకు ఇటువంటివే. మొదట ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. తరువాత పేర్లు, బొమ్మలు, ధరలు వచ్చి తమ తమ స్థానాలలో కూర్చుంటాయి.

మనిషికి ఇది కష్టం కాదు. చక్రం తిరుగుతున్నదంటే ఆగాలని కంటికి తెలుసు. కావలసిన పేరు కనిపించేవరకు వేలు తనంతట తానే ఆగుతుంది. యంత్రానికి ఈ ఇంగితం లేదు. “ఫలానా బటనును వెతుకు, నొక్కు” అని రాసి ఉంటే అది వెతుకుతుంది. ఆ క్షణంలో బటను రాలేదంటే “అటువంటిది లేదు” అని నివేదించి, పరీక్ష విఫలమైనదని ఎర్రని గుర్తు పెడుతుంది. అర క్షణం తరువాత బటను వచ్చి నిలబడినా దానికి అక్కరలేదు.

ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధమైన పనిముట్టు సెలీనియం. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ అనే సంస్థలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్, తమ సంస్థ లోపల వాడుకునే ఒక అప్లికేషనును పరీక్షించడానికి దీనిని తయారుచేశారు. ఆ పేరులో ఒక చమత్కారమున్నది. అప్పట్లో పరీక్షా సాధనాలకు పేరుమోసిన సంస్థ మెర్క్యురీ. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరస విషానికి సెలీనియం విరుగుడు అని చెబుతారు. అలా సరదాగా పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఈ సాధనం నుంచి పెరిగిన వెబ్‌డ్రైవర్ పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2018 జూన్‌లో ప్రమాణంగా ఆమోదించింది.

ఆ ప్రమాణంలో ఎదురుచూపుకు కూడా లెక్కలున్నాయి. పరీక్ష రాసినవారు వేరుగా చెప్పకపోతే, పేజీ రావడానికి యంత్రం 300 సెకన్ల వరకు ఓర్చుకుంటుంది. కాని పేజీ వచ్చిన తరువాత అందులోని ఒక భాగాన్ని వెతికేటప్పుడు దాని ఓర్పు సున్న. చూసిన క్షణంలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చట్రం వేరుగా, విషయం వేరుగా వచ్చే నేటి పేజీలకు, ఈ సున్నకు మధ్యనే ఎర్రని గుర్తులు పుట్టుకొస్తాయి.

గడియారాన్ని నమ్ముకుంటే

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ప్రతివారూ మొదట కనిపెట్టే మందు ఒకటే. బటను రాకముందే యంత్రం వెతుకుతున్నది గనుక, వెతికేముందు దానిని కాస్సేపు నిద్రపుచ్చాలి. ఇందుకు కంప్యూటరు భాషలలో ‘స్లీప్’ అనే ఆజ్ఞ సిద్ధంగానే ఉన్నది. రెండు సెకన్లు నిద్రపో అంటే నిద్రపోతుంది, లేచి పని చేస్తుంది. ఎర్రని గుర్తు పచ్చనవుతుంది.

ఈమె కూడా అలాగే చేసింది. మొదట రెండు సెకన్లు. సర్వరు మీద భారం ఎక్కువగా ఉన్న ఒకరోజు రెండు చాలలేదు, ఐదు చేసింది. ఆమెను చూసి ఇతరులూ అదే నేర్చుకున్నారు. మూడేళ్ళు గడిచేసరికి ఒక్కొక్క పరీక్షలో సగటున మూడు చోట్ల, ఐదేసి సెకన్ల నిద్ర పేరుకున్నది. ఒకనాడు ఆమె కాగితం మీద లెక్క వేసి చూసింది. ఆరు వందల పరీక్షలు, ఒక్కొక్క దానికి పదిహేను సెకన్లు, మొత్తం తొమ్మిది వేల సెకన్లు. అంటే నాలుగు గంటలు సాగే పనిలో రెండున్నర గంటలు యంత్రం కేవలం నిద్రపోతున్నది. అయినా ఎర్రని గుర్తులు పోలేదు. ఐదు సెకన్లు అధికమైన రోజున కాలం వృథా, చాలని రోజున పరీక్ష విఫలం. ఎన్ని సెకన్లు పెడితే సరిపోతుందో చెప్పగల సంఖ్య ఏదీ లేదు.

ఈ బాధ ఆ ఒక్క కార్యాలయానిదే కాదు. 2014లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 51 అపాచీ ప్రాజెక్టులలో చపల పరీక్షలను బాగుచేసిన 201 సవరణలను పరిశీలించారు. కారణాన్ని వర్గీకరించగలిగిన వాటిలో సుమారు 45 శాతం, జరగవలసిన పని పూర్తయ్యేవరకు సరిగా ఆగకపోవడం వల్ల వచ్చినవే. 2016లో గూగుల్ సంస్థ తన పరీక్షలలో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ చపలత్వం ఉన్నదని ప్రకటించింది.

ఆ సంవత్సరం దరఖాస్తుల గడువు ముగియడానికి నెల రోజుల ముందు మేనేజరు అందరినీ సమావేశపరిచాడు. “రోజూ ఎర్రగా కనిపించే ఈ నలభై పరీక్షలను తీసేద్దాం. ఎవరూ నమ్మని పరీక్ష ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా” అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. ఆమె రెండు వారాల వ్యవధి అడిగింది. అతడు కొంచెం ఆలోచించి సరేనన్నాడు.

లైన్ క్లియర్

ఆ ఆదివారం ఆమె గుంటూరులో ఉన్న తండ్రిని చూడడానికి వెళ్ళింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన యథాలాపంగా ఉద్యోగం సంగతి అడిగారు. ఆయనకు కంప్యూటర్లతో పరిచయం తక్కువ. అందువల్ల ఆమె తేలిక మాటలలో చెప్పింది. ఒకటి వచ్చి చేరేలోగా మరొకటి ముందుకు పోతున్నదనీ, పోకుండా ఐదు సెకన్లు ఆపుతున్నామనీ, అయినా అప్పుడప్పుడు గుద్దుకుంటున్నాయనీ చెప్పింది.

ఆయన అన్నం కలుపుతున్నవారల్లా చేయి ఆపారు. “అదేమిటమ్మా? గడియారం చూసి బండి వదులుతున్నారా మీరు?” అన్నారు.

“మరేం చేస్తాం నాన్నా? ముందు బండి ఎక్కడున్నదో తెలిసేదెట్లా?”

“తెలుసుకోవాలి. తెలిసేదాకా వదలకూడదు. ఐదు నిమిషాలు కానీ, ఐదు గంటలు కానీ. అవతలి స్టేషను నుంచి లైన్ క్లియర్ రాకుండా బండి కదిలితే నా ఉద్యోగం ఉండేదా?”

ఒంటి లైను మీద పనిచేసినవారికి ఈ సంగతి పాఠం చెప్పనక్కరలేదు. రెండు స్టేషన్ల మధ్య దూరాన్ని ఒక బ్లాకు అంటారు. ఆ బ్లాకులో ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. అవతలి మాస్టరు గంటలు మోగించి ఒప్పుకున్న తరువాతనే ఇవతలి యంత్రం నుంచి టోకెను బయటికి వస్తుంది. అది ఒక లోహపు గుండు. తోలు సంచిలో పెట్టి, బెత్తపు వలయానికి తగిలించి డ్రైవరుకు అందిస్తారు. ఆ గుండు చేతిలో పడితేనే బండికి దారి ఉన్నట్టు. ఆమె చిన్నతనంలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ వలయాలు చేతులు మారడం ఎన్నో సాయంత్రాలు చూసింది. కాని దానికి, తాను చేసే పనికి ఏదో సంబంధమున్నదని ఎన్నడూ అనుకోలేదు.

నిజానికి రైల్వేలు కూడా పూర్వం గడియారాన్నే నమ్ముకున్నాయి. ఒక బండి వెళ్ళిన తరువాత ఇన్ని నిమిషాలు ఆగి రెండవ బండిని వదిలేవారు. మొదటిది ఈపాటికి దూరం పోయి ఉంటుందని ఊహ. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం దగ్గర ఆ ఊహ తప్పింది. విహారయాత్రకు బయలుదేరిన పిల్లలతో, పెద్దలతో కిక్కిరిసిన రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. దానిని రెండుగా విడదీయగా వెనుక భాగం పల్లానికి జారిపోయి, నియమిత వ్యవధి తరువాత వెనుకనే వస్తున్న మరొక బండిని ఢీకొన్నది. సుమారు 80 మంది మరణించారు. వారిలో పిల్లలు చాలామంది. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ప్రయాణికుల మార్గాలలో బ్లాకు పద్ధతిని తప్పనిసరి చేసింది. కాలాన్ని కాదు, స్థితిని చూసి బండి వదలాలన్నది నాటినుంచి రైల్వేలకు ప్రాణసూత్రమైంది.

వెబ్ పరీక్షలలో కూడా దీనికి సరిసమానమైన పద్ధతి ఉన్నది. ఇన్ని సెకన్లు ఆగు అనడానికి బదులు, ఫలానా స్థితి వచ్చేవరకు ఆగు అని చెప్పవచ్చు. సెలీనియంలో దీనిని ‘ఎక్స్‌ప్లిసిట్ వెయిట్’ అంటారు. గరిష్ఠంగా పదిహేను సెకన్ల గడువు పెట్టి, బటను కనిపించేవరకు చూడమంటే, యంత్రం సాధారణంగా అర సెకనుకు ఒకసారి తొంగి చూస్తుంది. కనిపించిన వెంటనే ముందుకు పోతుంది. మిగిలిన గడువును వృథా చేయదు. గడువు పూర్తిగా ముగిసినా రాకపోతేనే విఫలమని చెబుతుంది. 2020లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ప్లేరైట్ వంటి సాధనాలు మరింత ముందుకు పోయాయి. నొక్కే ముందు ఆ భాగం కనిపిస్తున్నదా, కదలకుండా నిలిచిందా, మరొకటి దానిని కప్పి ఉన్నదా, అది పనిచేసే స్థితిలో ఉన్నదా అని అవి తమంతట తామే చూసుకుంటాయి.

ఆమెకు ఈ పద్ధతి తెలియనిది కాదు. పుస్తకాలలో చదివినదే. గడువు తేదీల ఒత్తిడిలో ఐదు సెకన్ల నిద్ర చేతికి సులభంగా అందింది, అంతే.

మిగిలిన ఒక్కటి

సోమవారం నుంచి ఆమె నిద్రలను ఒక్కొక్కటిగా తొలగించడం మొదలుపెట్టింది. ప్రతి చోటా ఒకే ప్రశ్న వేసుకునేది. ఇక్కడ యంత్రం దేనికోసం ఆగాలి? కళాశాలల జాబితా నిండడం కోసమా? తిరుగుతున్న చక్రం మాయమవడం కోసమా? ‘భద్రపరచబడినది’ అన్న వాక్యం రావడం కోసమా? సమాధానం దొరికిన చోట నిద్రను కొట్టివేసి ఆ స్థితిని రాసింది. పదిరోజులలో పని దాదాపు పూర్తయింది. రాత్రి పరీక్షలు నాలుగు గంటలకు బదులు పావుతక్కువ రెండు గంటలలో ముగిశాయి. నలభై చపల పరీక్షలలో ముప్పైతొమ్మిది కుదుటపడ్డాయి.

ఒక్కటి మాత్రం కుదుటపడలేదు. పైగా మునుపటికంటె ఎక్కువసార్లు విఫలం కాసాగింది. దరఖాస్తు చివరి పుటలో ‘సమర్పించు’ అన్న బటనును నొక్కి, ఆ దరఖాస్తు సమర్పించిన వాటి జాబితాలో చేరిందో లేదో చూసే పరీక్ష అది. బటను కనిపించి, నొక్కదగిన స్థితిలో ఉండేవరకు ఆగమని ఆమె రాసింది. యంత్రం అలాగే ఆగింది, నొక్కింది. ధన్యవాదాలు చెప్పే పుట కూడా వచ్చింది. కాని జాబితాలో దరఖాస్తు లేదు. పదిసార్లు నడిపితే మూడు నాలుగుసార్లు ఇదే తీరు.

పేజీ రాసిన యువకుడు నవ్వి, “మేడమ్, మీ యంత్రం మరీ తొందరపడుతున్నది. మనిషెవరైనా అంత వేగంగా నొక్కుతాడా? అక్కడ మాత్రం ఒక ఐదు సెకన్లు పెట్టేయండి” అన్నాడు.

పెట్టడానికి ఆమె చేయి వెళ్ళింది కూడా. కాని ఈ పదిరోజుల అలవాటు కొద్దీ మళ్ళీ అదే ప్రశ్న వేసుకున్నది. ఇక్కడ యంత్రం దేనికోసం ఆగాలి? తెరను పైనుంచి కిందివరకు వెతికింది. బటను మొదటినుంచి ఉన్నది. తిరిగే చక్రం లేదు. కొత్తగా వచ్చి చేరే వాక్యం లేదు. యంత్రం ఆగడానికి గుర్తుగా పెట్టుకోదగినది ఆ పుటలో ఏదీ లేదు.

అప్పుడామెకు ఒక సంగతి స్ఫురించింది. యంత్రానికి గుర్తు లేదంటే మనిషికి కూడా లేనట్టే. ఆ పుట తెరిచిన విద్యార్థి ఎంత జాగ్రత్తపరుడైనా, ఎప్పుడు నొక్కవచ్చునో తెలుసుకునే దారి లేదు.

పుట వెనుక ఏం జరుగుతున్నదో ఆమె పరిశీలించింది. చివరి పుట తెరుచుకున్న తరువాత సర్వరు నుంచి ఆ దరఖాస్తుకు ఒక సంఖ్య వస్తుంది. అది కంటికి కనిపించని గడిలో చేరుతుంది. ఆ సంఖ్యతో సమర్పిస్తే పూర్తి దరఖాస్తు. సంఖ్య రాకముందే బటను నొక్కితే గడి ఖాళీగా వెళుతుంది. సర్వరు దానిని పూర్తికాని చిత్తుప్రతిగా ఒక మూల పెడుతుంది. విద్యార్థికి మాత్రం ధన్యవాదాల పుట వస్తుంది. అతడు పని అయిపోయిందనుకుని లేచిపోతాడు.

మాదాపూర్ కార్యాలయంలో ఆ సంఖ్య రావడానికి అర సెకను కూడా పట్టదు. అందువల్ల అక్కడ ఎవరి వేలూ దానిని మించలేదు. ఆమె బ్రౌజరులోనే ఉన్న ఒక సౌకర్యంతో ఇంటర్నెట్ వేగాన్ని బాగా తగ్గించి, ఊరి చివర ఒక్క గీత మాత్రం సిగ్నలు అందే ఫోనుకు ఉండేంత చేసింది. బటను వచ్చింది. సంఖ్య రావడానికి పదకొండు సెకన్లు పట్టింది. పదకొండు సెకన్లు బటను ముందు చేతులు కట్టుకుని కూర్చునే విద్యార్థి ఎవరుంటారు?

ఆమె ఆ యువకుడిని పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. “నువ్వే నొక్కు, యంత్రం కాదు” అన్నది. అతడు నొక్కాడు. ధన్యవాదాల పుట వచ్చింది. జాబితా తెరిచాడు. అతని దరఖాస్తు లేదు. అతడు చాలాసేపు మాట్లాడలేదు.

నిద్రపుచ్చినదెవరు?

లోపాన్ని సరిచేయడం ఒక పూట పని. సంఖ్య వచ్చేవరకు బటను పనిచేయకుండా ఉంచి, పక్కన ‘దయచేసి ఆగండి’ అన్న మాట చూపించారు. సంఖ్య రాగానే ఆ మాట పోయి బటను వెలుగుతుంది. పరీక్ష కూడా ఇప్పుడు బటను వెలిగేవరకు ఆగుతుంది. ఆ రాత్రి దానిని రెండు వందలసార్లు వరుసగా నడిపారు. రెండు వందలూ పచ్చనే.

కాని ఆమె ఆ రాత్రి ఇంటికి త్వరగా పోలేదు. ఆ పరీక్ష చరిత్ర తెరిచి చూసింది. సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పుకూ తేదీ, చేసినవారి పేరు ఉంటాయి. మూడేళ్ళ క్రితం ఆ పరీక్ష మొదటిసారి ఎర్రబడింది. అప్పుడు కూడా సరిగ్గా ఇదే తప్పు చూపించింది. సమర్పించిన దరఖాస్తు జాబితాలో లేదని చెప్పింది. మరునాడు ఎవరో అందులో ఐదు సెకన్ల నిద్ర పెట్టారు. అది కారణంగా పరీక్ష పచ్చబడింది. ఆ పేరు ఆమెదే.

పరీక్ష మొదటినుంచి నిజమే చెబుతున్నది. అది చపలబుద్ధితో అన్నమాట కాదు. నిజం చెప్పిన దానిని ఆమె ఐదు సెకన్లు నిద్రపుచ్చింది. ఆ నిద్ర మూడు దరఖాస్తుల కాలాలపాటు సాగింది.

ఆ మూడేళ్ళలో సహాయ విభాగానికి కొందరు విద్యార్థులు ఫోను చేశారు. దరఖాస్తు పెట్టామనీ, పేరు రాలేదనీ వారి ఫిర్యాదు. రికార్డులు చూసినవారు ‘మీరు సమర్పించలేదు’ అని జవాబిచ్చారు. రికార్డుల ప్రకారం ఆ జవాబు నిజమే.

ఉపకార వేతనం రాకపోవడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో ఆ డబ్బు రెండు నెలలు ఆలస్యమైనప్పుడు, తల్లి మెడలోని గొలుసు బ్యాంకుకు వెళ్ళిన సంగతి ఆమెకు గుర్తున్నది. ఆలస్యమైతేనే అంత. అసలు రాకపోయిన ఇంట్లో ఏమై ఉంటుంది? చదువు ఆగి ఉంటుందా? ఏ పెద్దకొడుకో చెల్లెలి కోసం తన చదువు మానుకుని ఉంటాడా? ఆ లెక్కలు ఏ కంప్యూటరులోనూ లేవు.

పొద్దున్నే ఆమె మేనేజరుకు నివేదిక పంపింది. లోపం ఏమిటో, ఎన్నాళ్ళుగా ఉన్నదో, ఎందువల్ల కనబడకుండా పోయిందో రాసింది. చివరి వాక్యంలో, ఆ నిద్ర పెట్టినది తానేనని తేదీతో సహా రాసింది. ఆ వాక్యం లేకపోయినా నివేదికకు లోటు ఉండేది కాదు. ఆమె రాసి, కొట్టివేసి, మళ్ళీ రాసింది.

మేనేజరు నివేదికను రెండుసార్లు చదివాడు. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. “గడువు ఇంకా తొమ్మిది రోజులున్నది. ముందు ఈ ఏడాది చిత్తుప్రతులు తీయించండి” అన్నాడు. సంఖ్య లేకుండా వచ్చిన దరఖాస్తుల జాబితా పదకొండు పుటలయింది. ధర్మనిధివారు వారందరికీ సందేశాలు పంపారు. సందేశానికి జవాబు ఇవ్వనివారికి ఫోన్లు చేశారు. ఆమె కూడా రెండు సాయంత్రాలు కూర్చుని ఫోన్లు చేసింది. ఒక అమ్మాయి, “నేను పంపించాను కదండీ, థాంక్యూ అని కూడా వచ్చింది” అన్నది. “వచ్చిందమ్మా, తప్పు మాది. మళ్ళీ ఒక్కసారి పంపించు” అని ఈమె చెప్పింది. అధిక భాగం గడువులోగా మళ్ళీ పంపించారు.

అంతకుముందు రెండేళ్ళ చిత్తుప్రతులను నియమం ప్రకారం ఏడాది చివరన తుడిచివేశారు. ఆ పేర్లు ఎక్కడా మిగలలేదు.

తండ్రికి ఆమె ఫోనులో ఈ సంగతంతా చెప్పింది. ఆయన విని, “నేను రిటైరయ్యేదాకా ప్రతి రాత్రి డ్యూటీ దిగి పడుకునే ముందు ఒకసారి అన్ని బండ్లూ లెక్కపెట్టుకునేవాణ్ణి. ఏదైనా మధ్యలో మిగిలిపోయిందేమోనని” అన్నారు. కొంచెం ఆగి, “అన్నం తిన్నావా?” అని అడిగారు.

కొన్ని వారాల తరువాత ఒక ఉదయం, కొత్తగా చేరిన ఒక కుర్రవాడు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. అతడు రాసిన పరీక్ష రాత్రి ఎర్రబడింది. మళ్ళీ నడిపితే పచ్చబడిందట.

“ఒక రెండు సెకన్ల స్లీప్ పెట్టమంటారా మేడమ్?” అని అడిగాడు.

“దేనికోసం ఆ రెండు సెకన్లు?” అన్నది ఆమె.

కుర్రవాడు ఆలోచించాడు. అతనికి జవాబు తట్టలేదు. ఆమె పక్కనున్న కుర్చీ ఒకటి అతనివైపు జరిపింది. ఇద్దరూ ఆ పేజీని మొదటినుంచి తెరిచి, ఏది ముందు వస్తున్నదో, ఏది తరువాత వస్తున్నదో చూడడం మొదలుపెట్టారు.